పచ్చ రాని యంత్రం

మామిడి మహాభివృద్ధి సంస్థకు మామిడిచెట్లు లేవు. ఒక మూడంతస్తుల భవనం, ఒక జీపు, ఒక చిలక ఉండేవి. భవనం అద్దెది. జీపు కదలదు. చిలక ఒక్కటే సంస్థకు సొంతం. అది సంస్థ చిహ్నంలో ఉండేది. పసుపుపచ్చని మామిడిపండు, దాని మీద వాలిన ఆకుపచ్చని చిలక, చిలక్కి ఎర్రటి ముక్కు. కాగితాల తలమీద, గోడమీద, కదలని జీపు తలుపుమీద అది ఏళ్ల తరబడి ఎవరి జోలికీ పోకుండా కూర్చుని ఉండేది.

దాన్ని అక్కడి నుంచి లేపి మనుషుల చేతుల మీద వాల్చింది సూపరింటెండెంటు కామేశం గారు. కావాలని చెయ్యలేదు. అనువాదం చేశారు, అంతే.

అప్పటి మేనేజింగ్ డైరెక్టరు గారు ఎక్కడో చల్లటి ఊళ్లో శిక్షణ పొంది వచ్చి, సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి ఇంగ్లీషులో ఉపన్యసించారు. సంస్థ మన నెత్తుట్లో ఉండాలి, మన చర్మంలో ఉండాలి అని అందులో ఒక మాట వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు తిన్నారు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. కానీ ఎమ్‌డీ గారు వెళ్తూ వెళ్తూ, “నేను చెప్పినదంతా తెలుగులో సర్క్యులరు వెయ్యండి” అన్నారు.

కామేశం గారు ఆ మాట దగ్గర ఆగి ఒక పూటంతా ఆలోచించారు. తర్వాత, వచ్చిన ఉత్తరాల మీద ముద్రలు వేసుకుంటున్న నూకరత్నం బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“నెత్తుట్లో అంటే ఇంజెక్షను కిందికి వస్తుంది రత్నం. దానికి వైద్యశాఖ అనుమతి కావాలి. చర్మమైతే మన స్థాయిలో అయిపోతుంది.”

“ఏమైపోతుంది సార్?”

“పచ్చబొట్టు.”

సర్క్యులరు వెలువడింది. “సంస్థ చిహ్నమును ప్రతి ఉద్యోగియు తన కుడి ముంజేతి చర్మమునందు, రంగులకు భంగము రాకుండ, పచ్చబొట్టు రూపమున ధరించుట అభిలషణీయము.”

ముందు పొడిపించుకున్నది జీపు డ్రైవరు. ఆయనకు వేరే పని లేదు. ఆ చెయ్యి చూసి ఎమ్‌డీ గారికి కళ్లు చెమర్చాయి. “ఇది నేను అడగలేదు. ఇది మీలోంచి వచ్చింది” అన్నారు. ఇంక అది అందరిలోంచీ రావాలని నిర్ణయమైంది. అభిలషణీయము కాస్తా తప్పనిసరి అయింది. కింద ఇంకొక వాక్యం కలిసింది. కాంట్రాక్టు సిబ్బందిని పర్మినెంటు చేయు సందర్భమున చిహ్నధారులకే అవకాశము.

ఆ వాక్యం దగ్గర నూకరత్నం చూపు ఆగిపోయింది.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి నెలాఖరుకి పోయి, ఏప్రిల్ రెండో తారీకున మళ్లీ వచ్చేది. నడుమ ఒకటో తారీకున ఆమె ఎవరూ కాదు. ఆ రోజు కూడా ఆఫీసుకి వచ్చి పని చెయ్యాలి, కానీ సంతకం పెట్టకూడదు, ఫ్యాను కింద కూర్చుంటే ఎవరూ చూడకూడదు. ఏళ్లకేళ్లు అలా గడిచాయి. వయసు పరిమితి దగ్గర పడింది. వచ్చే మార్చి లోపల పర్మినెంటు అయితే అయినట్టు, లేకపోతే బతికినన్నాళ్లూ ఒకటో తారీకే.

ఆమె ఆదివారం సంతకి వెళ్లి, గొడుగు కింద కుర్చీ వేసుకుని మిషనుతో పొడిచే ఆయన ముందు చెయ్యి చాపింది.

ఇంటికొచ్చాక అత్త సింహాచలమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. “నా కొడుకు పేరు పొడిపించుకోవే అంటే నొప్పన్నావు. ఆఫీసు చిలక్కి నొప్పి లేదూ?”

“నీ కొడుకు పర్మినెంటు చేస్తాడా అత్తా?”

అత్త ఆ చేతిని మరికొంచెం దగ్గరికి లాక్కుంది. “బాగానే ఉందిలే. కన్ను మాత్రం కొంచెం మీ సూపరింటెండెంటు కన్నులా ఉంది.”

ఇలా సంస్థలో అందరి చేతుల మీదా చిలకలు వాలేసరికి ఎమ్‌డీ గారికి బదిలీ అయింది.

కొత్త ఎమ్‌డీ గారు వచ్చారు. వచ్చిన మొదటి ఉదయమే సిబ్బంది వరసగా నిలబడి, స్వాగతం పలుకుతూ కుడిచేతులు చాపారు. ఆయన వాటిని చాలాసేపు చూశారు.

“ఏమిటివి?”

“మన చిహ్నమండి. చిలక,” అన్నారు కామేశం గారు, తన చొక్కా చెయ్యి ఇంకొంచెం పైకి లాగి.

“చిలక మామిడిని ఏం చేస్తుంది?”

కామేశం గారు ఆలోచించారు. ఇది విధానపరమైన ప్రశ్నో, సాధారణ ప్రశ్నో తేలలేదు. “తింటుందండి” అన్నారు చివరికి.

“రైతు ఎవరితో పోరాడుతున్నాడు? చిలకతో! వలలు ఎందుకు కడుతున్నాడు? చిలక కోసం! అలాంటిది, మామిడిని కాపాడాల్సిన సంస్థ చిహ్నం మీదే పంటనష్టం జరుగుతోంది. అదీ అధికారికంగా. అదీ రంగుల్లో!”

వరసలో చివర నిలబడ్డ స్టోర్సు గుమాస్తా మస్తాన్‌వలి నూకరత్నం వైపు వంగి, “నిజమే సుమా. ఇన్నాళ్లూ మనం దొంగని మోస్తున్నాం” అన్నాడు. అతనిదీ కాంట్రాక్టే.

రెండో సర్క్యులరు అదే వారం వచ్చింది. “చిలక చీడపురుగుల వర్గములో చేర్చబడినది. ఉద్యోగులు తమ ముంజేతులపై గల చిలకను లేజరు చికిత్స ద్వారా తొలగించుకొని, మామిడిని యథాతథముగా ఉంచవలెను. తొలగించిన పిమ్మట పచ్చ మిగలరాదు. చిలక రహితులకే పర్మినెంటు ఉత్తర్వులు.”

యంత్రానికి టెండరు పిలిచారు. యంత్రం వచ్చింది. నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టి, రెండో అంతస్తులో శిక్షణ హాలు పక్క గదిలో పెట్టారు. ఊళ్లో చర్మవైద్యం చేసే హేమనళిని గారిని పిలిపించారు. ఆవిడ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, వెనకనున్న అక్షరాలు చదివి, కామేశం గారి చేతిమీద చిలకను చూసి, కుర్చీలో కూర్చుంది.

“దీనికి పచ్చ రాదండి.”

“రాదంటే?”

“లేజరు చేసేది, చర్మంలో ఉన్న రంగుని పొడి చెయ్యడం. ఆ పొడిని ఒళ్లే మెల్లమెల్లగా మోసుకుపోతుంది. కానీ ప్రతి రంగుకీ వేరే కాంతి కావాలి. ఇందులో రెండే ఉన్నాయి. ఒకటి నలుపుకి, ఒకటి ఎరుపుకి. నలుపు తొందరగా పోతుంది. ఎరుపు కూడా పోతుంది. పచ్చ మొండిది. దానికి వేరే యంత్రం ఉంటుంది.”

కామేశం గారు తెల్లబోయారు. “పచ్చబొట్టు తీసే యంత్రానికి పచ్చ రాకపోవడమేమిటమ్మా?”

“కొనేముందు ఎవరినైనా అడగాల్సింది.”

“టెండర్లో ‘పచ్చబొట్టు యంత్రము – ఒకటి’ అని స్పష్టంగా రాశాం. పచ్చ అందులోనే ఉందిగా!”

ఈ సంగతి ఎమ్‌డీ గారి దాకా పోయింది. రాని రంగు గురించి తరవాత చూద్దామనీ, వచ్చిన రంగులతో పని మొదలు పెట్టాలనీ, పని ఆగితే యంత్రం ఎందుకు కొన్నారని అడుగుతారనీ ఆయన సెలవిచ్చారు.

మొదలైంది. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, కళ్లకి నల్లద్దాలు పెట్టి, చేతిమీద ఐసు పెట్టి, డాక్టరు గారు కాంతి కొట్టేవారు. కామేశం గారు తలుపు దగ్గర నిలబడి పర్యవేక్షించేవారు.

“చిలక కాళ్లు మామిడి మీద ఉన్నాయండీ,” అంది డాక్టరు నూకరత్నం చెయ్యి పట్టుకుని. “కాళ్లు తీస్తే కింద పండుకి కొంచెం తగులుతుంది.”

“కాళ్లు చిలకవి. తీసెయ్యండి. కాళ్ల కింద పండు సంస్థది. ముట్టుకోకండి.”

“ఇది కూరగాయలు తరగడం కాదు సార్.”

నూకరత్నానికి మాత్రం చెయ్యి వంటింట్లో ఉన్నట్టే అనిపించింది. కాగిన మూకుట్లో ఆవాలు వేస్తే ఎలా చిటపటమంటాయో అలా, ఒక్కొక్క ఆవగింజా వచ్చి చేతిమీదే పేలుతున్నట్టుంది. కాంతి తగిలినచోటల్లా చర్మం తెల్లగా పొంగింది. సాయంత్రానికి బొబ్బలెక్కింది. గిన్నెలు అత్త తోమింది. తోముతూ, ఆఫీసునీ చిలకనీ కలిపి తిట్టింది.

అది తగ్గాక మళ్లీ ఒకసారి. అదీ తగ్గాక ఇంకొకసారి. వేసవి పోయి వానలు వచ్చాయి. ముందు నల్లగీత పోయింది. గీత పోవడంతో చిలక్కి హద్దు పోయింది. తరవాత కన్ను పోయింది. ఆ తరవాత కాళ్లు. ఒకరోజు అన్నం పెడుతూ అత్త ఆగి చూసింది.

“ముక్కు పోయిందే! పాపం, ఇంకేం తింటుందే అది?”

“నా ఉద్యోగం తింటుందత్తా. ఆకుపచ్చ ఉన్నదున్నట్టే ఉంది చూడు.”

నిజంగానే ఉంది. పసుపుపచ్చ పండు పక్కన ఏ ఆకారమూ లేని ఆకుపచ్చ ముద్ద ఒకటి, అద్దె ఇవ్వకుండా ఇల్లు పట్టుకు కూర్చున్న మనిషిలా కూర్చుని ఉంది.

అత్త తన మోచేతి మీద చుక్కల్ని చూపించింది. అవి ఎప్పుడో చిన్నతనంలో పసరు పెట్టి సూదులతో పొడిచినవి. “వీటిని తియ్యమని ఏ ఎమ్‌డీ రాలేదు చూడు. ఎందుకంటే ఇవి ఎవరివీ కావు. నావి.”

డిసెంబర్లో ‘చిలక నిర్మూలన నిర్ధారణ కమిటీ’ కూర్చుంది. ఎమ్‌డీ గారు అధ్యక్షులు. పక్షి కాబట్టి పశువైద్యాధికారి ఒకరు, ఉత్తర్వు కాబట్టి న్యాయసలహాదారు ఒకరు, మంచినీళ్లు, జీడిపప్పు కాబట్టి కామేశం గారు. డాక్టరు హేమనళిని గారిని పిలవలేదు. తీసిన మనిషే పోయిందని చెబితే అది నిష్పాక్షికం కాదని న్యాయసలహాదారు అభిప్రాయపడ్డారు.

అక్షరక్రమంలో తమ పేరు ముందు రాకుండా చూడమని అందరూ కామేశం గారిని బతిమాలుకున్నారు. ఆయన ఆలోచించి, ఎవరినీ నొప్పించకుండా, నూకరత్నాన్ని లోపలికి పంపారు.

ఆమె చెయ్యి బల్లమీద పెట్టింది. నలుగురూ వంగారు.

పశువైద్యాధికారి జేబులోంచి భూతద్దం తీశారు. “ముక్కు లేదు. కన్ను లేదు. కాళ్లు లేవు. తోక సందేహాస్పదం. ఈ స్థితిలో పక్షి జీవించి ఉండటం నా సర్వీసులో చూడలేదు.”

“చచ్చిన చిలక కూడా చిలకే” అన్నారు న్యాయసలహాదారు. “పైగా చిలకలు చట్టం కింద రక్షిత పక్షులు. ఇంతమంది చేతుల మీద ఇన్ని చచ్చాయని మనమే రాసిస్తే అటవీశాఖ వాళ్లు ఊరుకోరు.”

“అయితే చావలేదని రాద్దాం” అన్నారు కామేశం గారు.

“బతికుందని రాస్తే ఈ అమ్మాయి అనర్హురాలు అవుతుంది కదయ్యా!”

ఎమ్‌డీ గారు చేత్తో సైగ చేసి ఆపారు. “చావుబతుకుల సంగతి మనకెందుకు? ఉత్తర్వు ఏమంటోంది? పచ్చ మిగలరాదు అంటోంది. మిగిలింది కదా!”

“ఆ మాటకొస్తే పండు కూడా పసుపుపచ్చే సార్,” అన్నారు న్యాయసలహాదారు. “పచ్చ అంటే ఏ పచ్చ అన్నది ఉత్తర్వులో లేదు. మిగలరాదంటే రెండూ మిగలరాదు.”

“పండు పోతే సంస్థ ఏముందయ్యా?”

పైన ఫ్యాను తిరుగుతోంది. ఏప్రిల్ ఒకటో తారీకున తను ఏ ఫ్యాను కింద కూర్చోకూడదో అదే ఫ్యాను అని నూకరత్నానికి గుర్తొచ్చింది. ఎమ్‌డీ గారు పెన్ను మూత తీసి ఆమె పేరు పక్కన ఏదో రాయబోతున్నారు. ఆమె ఏం చెప్పాలో నిర్ణయించుకోక ముందే నోరు తెరుచుకుంది.

“సార్, అది చిలక కాదండి.”

“మరేమిటి?”

“కాయండి. పచ్చికాయ. పక్కనున్నది పండు. కాయే పండవుతుంది కదండీ. అందుకని రెండూ వేయించాను.”

కామేశం గారు నోరు తెరిచారు. సంతలో ఆమె పక్కనే కూర్చుని తన చిలకని పొడిపించుకున్నది ఆయనే. నూకరత్నం ఆయన వైపు ఒకసారి చూసింది. ఆయన తన ముంజేతి మీది ఆకుపచ్చ ముద్ద వైపు చూసుకున్నారు. నోరు మూశారు. మళ్లీ తెరిచారు.

“కాయే సార్. నేనెప్పుడూ కాయే అనుకున్నాను.”

ఎమ్‌డీ గారి ముఖం మెల్లగా విచ్చుకుంది. “కాయ... పండు. అంటే అభివృద్ధి! సంస్థ పేరులోనే ఉంది అభివృద్ధి. ఇదే మన కొత్త చిహ్నం. రాసుకోండి కామేశం. కాయ దశ నుండి పండు దశకు పరివర్తన.” ఆయన ఆగారు. “ఏ రకం కాయ?”

“మామిడికాయండి.”

“రకమయ్యా, రకం! ఫలానా అని లేకపోతే బంగినపల్లి వాళ్లొకటంటారు, రసాల వాళ్లొకటంటారు.”

నలుగురూ మళ్లీ వంగారు. కామేశం గారు ఆమె చెయ్యిని వెలుతురు వైపు తిప్పారు. ముద్ద పైన లావుగా, కింద సన్నంగా ఉంది. “పొడుగ్గా ఉంది కాబట్టి తోతాపురి సార్. కలెక్టరు కాయ అని కూడా అంటారు.”

“ఏ కాయ?”

“కలెక్టరు కాయ సార్.”

ఎమ్‌డీ గారు తన సర్వీసులో చాలా పదవులు చేశారు. కలెక్టరు పదవి ఒక్కటి దక్కలేదు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “ఆమోదించడమైనది” అన్నారు.

నూకరత్నం బయటికి వచ్చింది. వరండాలో వరసలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. “అందరూ కాయ అనండి. ఏ కాయ అంటే తోతాపురి అనండి” అంది. వరసంతా ఆ మాట పాకింది. మస్తాన్‌వలి ఆమెను స్తంభం పక్కకి పిలిచాడు.

“చెల్లెమ్మా, తోతా అంటే ఏంటో తెలుసా? మా ఇంట్లో పంజరంలో ఉన్నదాన్ని మా అమ్మ పొద్దున్నే అలాగే పిలుస్తుంది. తోతా అంటే చిలక!”

“తెలుసు వలీ అన్నా. నువ్వు నోరు మూసుకో. నీకూ పోస్టుంది.”

అతను రెండు చేతులతో నోరు మూసుకుని లోపలికి వెళ్లాడు.

అంతా సవ్యంగా ముగిసిందనుకున్నారు. కానీ తోతాపురి అని రాశాక నిజం తోతాపురిని చూడకుండా ఎలాగని ఎమ్‌డీ గారు ఒక కాయ బొమ్మ తెప్పించి, బల్లమీద పెట్టుకుని, ఉద్యోగుల చేతులతో పోల్చి చూశారు. మూడో సర్క్యులరు వచ్చింది.

“తోతాపురి కాయకు కొన యందు వంపు తిరిగిన ముక్కు ఉండుట ఆ రకపు ప్రధాన లక్షణము. పరిశీలించగా ఉద్యోగుల కాయలకు ముక్కు లోపించినట్లు తేలినది. ఎండ సోకినచోట కాయ రంగు మారుట సహజము గనుక సదరు ముక్కును ముదురు రంగులో పొడిపించుకొనవలెను. ముక్కు లేని కాయ గలవారికి ఉత్తర్వు ఇవ్వబడదు.”

మొన్న తీయించిన ముక్కుని మళ్లీ పొడిపించుకోవాలి. అది కింద ఉండాలా పైన ఉండాలా అని ఎవరో అడిగితే, చెయ్యి కిందికి వేలాడదీస్తే కింద, పైకెత్తితే పైన అని కామేశం గారు వివరణ ఇచ్చారు. చర్మం పూర్తిగా మానేదాకా సూది తగలకూడదని హేమనళిని గారు ఒక్కతే పట్టుబట్టింది. అందుకని ఫిబ్రవరి దాకా ఆగారు. ఆ పని చేసినందుకు ఆవిడ సేవలు ఇక అవసరం లేదని ఉత్తరం వెళ్లింది.

మార్చి మొదటి వారంలో కామేశం గారు నూకరత్నాన్ని పిలిచి సొరుగు లాగి చూపించారు. లోపల ఆమె పర్మినెంటు ఉత్తర్వు, సంతకంతో సహా ఉంది.

“తీసుకోనా సార్?”

“ముక్కు చూపించి తీసుకెళ్లు.” ఆయన తన చెయ్యి చాపారు. అప్పటికే పొడిపించుకున్నారు. ఆకుపచ్చని ఒళ్లు, ఎర్రటి వంకర ముక్కు. “ఎలా ఉంది?”

నూకరత్నం చూసింది. ఒక్క కన్ను పెడితే పలికేలా ఉంది. “అచ్చం కాయలాగే ఉంది సార్.”

ఆదివారం అత్తనీ వెంటబెట్టుకుని సంతకి వెళ్లింది. గొడుగు కింద కుర్చీ అక్కడే ఉంది. పొడిచే ఆయన ఆమె చేతిని గుర్తుపట్టి, ఏమీ అడక్కుండా ఎర్రరంగు సీసా మూత తీశాడు. వారం రోజులుగా ఆయనకి సంస్థ వాళ్లే బేరాలు.

“ఎరుపొద్దు బాబూ. నలుపు వెయ్యి.”

“ముక్కుకి నలుపేంటమ్మా? మీ ఆఫీసు వాళ్లందరికీ ఎరుపే వేశాను. చక్కగా చిలకలా...”

“కాయలా.”

“సరే, కాయలా. ఎరుపైతేనే అందం.”

“ముదురు రంగని రాశారు. నలుపుకంటే ముదురు ఏముంది? అదీకాక, లేజరు పెడితే అన్నిటికంటే ముందు పోయేది నలుపే.”

ఆయన సూది పట్టుకుని ఆగిపోయాడు. “ఇంకా పొడవనే లేదు, పోయే సంగతా? దీంతో ఉద్యోగం పర్మినెంటు అవుతుంది కదమ్మా!”

“అందుకే కదయ్యా. కాంట్రాక్టులో ఉండగానే ఇద్దరు ఎమ్‌డీలు అయ్యారు. ఇంక రిటైరయ్యేదాకా ఎంతమందిని చూడాలో!”

ఆమె కొంగు సర్దుకుని చెయ్యి చాపింది. మిషను బుర్రుమంది. అత్త గొడుగు నీడలోకి జరిగి, ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

“చిన్నదిగా పొడువు నాయనా,” అంది. “మళ్లీ తీయించాలి.”